తలలెక్కలో ఉన్నవాళ్ళు, పద్దులో లేనివాళ్ళు: నేపాల్ గావ్‌పాలిక మీద ఒక విమర్శ

బారేకోట్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. నేపాల్ పడమటి కొండల్లో, కర్ణాలీ ప్రదేశ్‌లో, జాజర్‌కోట్ జిల్లాలో ఉన్న ఒక గావ్‌పాలిక అది. గావ్‌పాలిక అంటే కొన్ని పాత గ్రామాల్ని కలిపి కట్టిన గ్రామీణ పాలక సంస్థ. మన లెక్కలో చెప్పాలంటే పంచాయతీ కంటే పెద్దది, మండలానికి దగ్గరగా ఉండేది. 2017 మార్చిలో నేపాల్ ప్రభుత్వం పాత గ్రామ వికాస సమితుల్ని రద్దు చేసి వీటిని ఏర్పాటు చేసింది. బారేకోట్ గురించి ఏ పరిచయం చదివినా నాలుగు ముక్కలు కనబడతాయి. విస్తీర్ణం 577.5 చదరపు కిలోమీటర్లు, వార్డులు 9, 2011 జనాభా లెక్కల్లో జనం 18,083 మంది, మాట్లాడేది నేపాలీ. అంతే. చదివి పక్కన పెట్టేస్తాం.

మేం అట్లా పక్కన పెట్టదలుచుకోలేదు. కథనీ కవితనీ చదివినంత శ్రద్ధగా జనాభా పట్టికనీ చదవాలని మా అభిప్రాయం. ఎందుకంటే దళితుడి గురించి రాజ్యం రాసే సాహిత్యం ఎక్కువగా పట్టికల రూపంలోనే ఉంటుంది. కథలో రచయిత ఎవరో తెలుస్తుంది, ఆయన కులమేదో అడగొచ్చు. పట్టికకు రచయిత ఉన్నట్టే కనపడడు. అంకెలు తమంతట తామే వచ్చి గడుల్లో కూచున్నట్టు ఉంటుంది. ఆ గడుల్ని ఎవరు గీశారు, ఏ గడి గీయకుండా వదిలేశారు అనేదే విమర్శకులు అడగాల్సిన ప్రశ్న.

బారేకోట్ ఒక్కటే మా ఉద్దేశం కాదు. నేపాల్లో స్థానిక పాలికలు 753 ఉంటే వాటిలో 460 గావ్‌పాలికలే. దేశం మొత్తానికి వార్డులు 6,743. అన్నిచోట్లా చట్రం ఒకటే. ఒక పాలికని సరిగ్గా చదివితే మిగతావాటిని చదివే తోవ దొరుకుతుంది.

ఒకే భాష, రెండు పిలుపులు

'భాష: నేపాలీ' అనే ముక్క నుంచి మొదలుపెడదాం. 2021 లెక్కల ప్రకారం నేపాల్ జనాభా 2,91,64,578. అందులో నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్ళు 45 శాతానికి కొంచెం తక్కువ. దేశం మొత్తం మీద 124 భాషలు లెక్కకొచ్చాయి. కానీ జాజర్‌కోట్ వంటి కొండ జిల్లాల్లో దాదాపు అందరి మాతృభాషా నేపాలీయే. ఇట్లాంటి చోట భాష గడి చూసినవాళ్ళకి ఊరంతా ఒక్కటేనన్న భ్రమ కలుగుతుంది. తరాయిలో మైథిలి, భోజ్‌పురి, థారూ మాట్లాడేవాళ్ళకీ, కొండల్లో తమాంగ్, మగర్ భాషలవాళ్ళకీ రాజ్యంతో భాష తగువు ఉంది. ఆ తగువు భాష గడిలో కనబడుతుంది. మరి కామి, దమాయి, సార్కి కులాల తగువు ఏ భాష గడిలో కనబడాలి?

కామి అంటే ఇనుము పని చేసేవాళ్ళు. దమాయి బట్టలు కుట్టి, పెళ్ళిళ్ళలో వాయిద్యాలు వాయించేవాళ్ళు. సార్కి తోలు పని చేసేవాళ్ళు. వీళ్ళు మాట్లాడేది ఛెత్రి, ఠకురి, బాహున్ కులాలు మాట్లాడే భాషే. ఆ భాష పాత పేరు ఖస్ కురా, అంటే ఖస్ మాట. అది పుట్టింది కర్ణాలీ ప్రాంతంలోనే, జుమ్లా జిల్లా సింజా లోయలో అని నేపాలీలు గర్వంగా చెప్పుకుంటారు. అయితే 2015 రాజ్యాంగం 84వ అధికరణం 'ఖస్ ఆర్య' అనే మాటకి నిర్వచనం ఇచ్చింది. క్షేత్రి, బ్రాహ్మణ, ఠకురి, సన్యాసి సముదాయాలు ఖస్ ఆర్యులట. ఖస్ భాష తప్ప వేరే భాష ఎరగని కామి అందులో లేడు. దళితుడికి వేరే కోటా ఉంది గదా, అందుకే లేడు అనొచ్చు. కోటా మాట సరే. మేం చూపించేది వేరే సంగతి. భాష దగ్గర 'మనమంతా ఒకటి' అన్నవాళ్ళే జాతి పేరు దగ్గరికొచ్చేసరికి తలుపు వేసుకున్నారు. భాష ఇద్దరిదీ, పేరు మాత్రం ఒకరిది.

ఆ ఒక్క భాషలోనైనా అందరూ ఒకేలా ఉన్నారా? నేపాలీలో ఎదుటి మనిషిని పిలవడానికి 'తఁ', 'తిమీ', 'తపాయీఁ' అని మెట్లున్నాయి. నువ్వు అనడంలో కూడా కింద మెట్టు 'తఁ'. పెద్ద వయసు దమాయిని కుర్ర ఛెత్రి 'తఁ' అంటాడు. దమాయి తిరిగి 'హజూర్' అంటాడు. ఈ సంగతి మనకి ఎవరూ వివరించక్కర్లేదు. తెలుగులో అరవై ఏళ్ళ మాదిగ పెద్దని పదిహేనేళ్ళ దొరబిడ్డ 'ఏరా' అన్నప్పుడూ ఇద్దరూ మాట్లాడింది తెలుగే. 1956లో తెలుగువాళ్ళంతా ఒక్కటని రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ 'ఒక్కటి' లోపల ఊరూ వాడా విడివిడిగానే ఉన్నాయి. ఆ అనుభవం ఉన్నవాళ్ళం కాబట్టే 'భాష: నేపాలీ' అనే రెండు మాటలు మాకు అంత అమాయకంగా కనబడలేదు.

రెండు జాబితాలు

భాష గడి దాచిపెట్టినదాన్ని కులం గడి చెప్పాలి. చెప్తుందా? 2021 జనాభా లెక్కల్లో నేపాల్ 142 కుల, జాతి సముదాయాల్ని లెక్కించింది. పాత లెక్కల్లో కామి అని ఉన్నచోట ఈసారి విశ్వకర్మ అని రాశారు. దమాయికి పరియార్, సార్కికి మిజార్ అని పెట్టారు. ఈ మూడు పేర్ల కిందే 24 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. కర్ణాలీ ప్రదేశ్‌లో అయిదుగురిలో ఒకరికంటే ఎక్కువమంది దళితులే. ఈ కొత్త పేర్లు పైనుంచి ఊడిపడినవి కావు. తిట్టుగా మారిన పాత పేరు వద్దని దళితులు తామే తీసుకున్న ఇంటిపేర్లు ఇవి. రాజ్యం వాటిని ఒప్పుకోవడం మంచిదే. కానీ పేరు మారిందని నీళ్ళ బిందె దగ్గర దూరం తగ్గదని మనకి తెలుసు.

ఇది నేపాల్ రాజ్యం రాసిన మొదటి కుల జాబితా కాదు. 1854లో జంగ్ బహదూర్ రాణా కాలంలో ములుకీ ఐన్ అనే చట్టం వచ్చింది. అది జనాన్ని అయిదు మెట్లుగా పేర్చింది. పైన జంధ్యం వేసుకునేవాళ్ళు. తర్వాత మద్యం తాగేవాళ్ళలో బానిసలుగా చెయ్యకూడనివాళ్ళు. వాళ్ళ కింద బానిసలుగా చెయ్యదగ్గవాళ్ళు. ఆ కింద నీళ్ళు చెల్లనివాళ్ళు, కానీ తాకితే శుద్ధి అక్కర్లేనివాళ్ళు. అందరికంటే కింద నీళ్ళూ చెల్లనివాళ్ళు, తాకితే నీళ్ళు చిలకరించుకుని శుద్ధి కావాల్సినవాళ్ళు. కామి, దమాయి, సార్కి అక్కడే. ఆండ్రాస్ హోఫర్ 1979లో ప్రచురించిన అధ్యయనంలో ఈ చట్టాన్ని లోతుగా విశ్లేషించాడు. మన దగ్గర మనుస్మృతిని ధర్మశాస్త్రమని చెప్పి, అది పాత పుస్తకమేనని తప్పించుకోజూస్తారు. నేపాల్లో ఆ తప్పించుకునే వీలు లేదు. అక్కడ అంటరానితనం సర్కారు చట్టంగా, శిక్షలతో సహా, 1963 దాకా నడిచింది.

1963లో కొత్త ములుకీ ఐన్ కుల మెట్లని తీసేసింది. 1990 రాజ్యాంగం అంటరానితనాన్ని శిక్షించదగ్గ నేరమంది. 2006 జూన్‌లో పునరుద్ధరించిన పార్లమెంటు దేశాన్ని అంటరానితనం లేని దేశంగా ప్రకటించింది. 2011లో కులవివక్ష, అంటరానితనాలకు ప్రత్యేక శిక్షా చట్టం వచ్చింది. 2015 రాజ్యాంగంలో 24వ అధికరణం అంటరానితనానికి వ్యతిరేకంగా, 40వ అధికరణం దళితుల హక్కుల గురించి ఉన్నాయి. ఇన్నిసార్లు ప్రకటించాల్సి వచ్చిందంటేనే ఏ ప్రకటనా ఊరి దాకా చేరలేదని అర్థం.

మొదటి జాబితా దళితుణ్ణి దూరం పెట్టడానికి రాసింది. రెండోది లెక్కపెట్టడానికి రాసింది. తేడా చిన్నది కాదు, మేం ఒప్పుకుంటాం. అయితే లెక్కపెట్టాక ఏం చేస్తారు? ఇక్కడ ఒక సంగతి చూడాలి. కేంద్రం తన రాబడిలో పాలికలకి వాటా పంచేటప్పుడు చూసే కొలతల్లో జనాభాది పెద్ద తూకం. అంటే బారేకోట్‌లో ప్రతి కామి తల, ప్రతి దమాయి తల పాలిక ఖజానాకి డబ్బు తెస్తుంది. డబ్బు తెచ్చేటప్పుడు ఆ తల అందరి తలలతో సమానం. మరి ఆ డబ్బు పద్దుగా మారేటప్పుడు ఆ తల ఎక్కడుంటుంది? దీనికి జవాబు పాలిక కట్టుబడిలో వెతకాలి.

తొమ్మిది, నలభై తొమ్మిది, పదిహేడు

ప్రతి వార్డుకీ ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ కావాలి. దక్షిణాసియాలో ఇట్లాంటి ఏర్పాటు అరుదు. దాన్ని తక్కువ చేసి చూపాలని మాకు లేదు. 2017 స్థానిక ఎన్నికల్లో 6,567 మంది దళిత మహిళలు వార్డు సభ్యులయ్యారు. కొండ ఊళ్ళో మేళం వాయించే ఇంటి కోడలు, కొలిమి ఇంటి ఆడపడుచు పాలక సభలో బల్లముందు కూచున్నారు. ఆ కూచోవడం కూడా ఒక తిరుగుబాటే.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. తొమ్మిది వార్డుల పాలికలో గావ్‌సభకి ఎంతమంది? అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరు. వార్డు అధ్యక్షులు తొమ్మిది మంది. వార్డు సభ్యులు ముప్పై ఆరు మంది. వీళ్ళకి తోడు దళిత లేదా అల్పసంఖ్యాక సముదాయాల నుంచి సభ ఎన్నుకునే ఇద్దరు. మొత్తం 49. అందులో ఖాయంగా దళితులని చెప్పగలిగేది తొమ్మిది మందే, అందరూ మహిళలే.

సభ పద్దుని ఆమోదిస్తుంది. అసారం నెల పదో తేదీలోపు, అంటే జూన్ నాలుగో వారంలోపు, పద్దు సభ ముందు పెట్టాలి. కానీ పద్దు తయారుచేసేదీ, ఏడాది పొడుగునా ఖర్చుపెట్టేదీ సభ కాదు, కార్యపాలిక. అందులో ఎవరుంటారో రాజ్యాంగం 215వ అధికరణం చెప్తుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, తొమ్మిది మంది వార్డు అధ్యక్షులు, సభ తనలోంచి ఎన్నుకున్న నలుగురు మహిళలు, దళిత లేదా అల్పసంఖ్యాక సముదాయాల ఇద్దరు. మొత్తం 17. ఇందులో ఖాయంగా దళితులని చెప్పగలిగింది ఎంతమంది? సున్నా.

ఎందుకు సున్నా అంటున్నామో చెప్తాం. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల్లో దళితులకి ప్రత్యేక స్థానం లేదు. వార్డు అధ్యక్ష పదవిలోనూ లేదు. నలుగురు మహిళల్లో దళిత మహిళ ఉండాలన్న నియమం లేదు. చివరి రెండు స్థానాల్లో 'దళిత లేదా అల్పసంఖ్యాక' అని ఉంది. ఆ 'లేదా' అనే మాట రెండు అక్షరాలే. కానీ మొత్తం తాళం ఆ మాటకే వేశారు. చాలాచోట్ల దళితులు కార్యపాలికలోకి వస్తూనే ఉన్నారు, కాదనం. కానీ వాళ్ళు రావడం పెద్ద పార్టీ దయ, సభలో మెజారిటీ దయ. హక్కుగా వచ్చింది వార్డు సభ్యత్వం దగ్గరే ఆగిపోయింది. జనం ఎక్కువున్న గదిలో తొమ్మిది కుర్చీలు ఖాయం, తిజోరీ ఉన్న గదిలో ఒక్కటీ ఖాయం కాదు.

చట్టం కోరిన కనీసమే పార్టీలకు గరిష్ఠమవుతుంది. దానికి రుజువు ఆడవాళ్ళ విషయంలో ఉంది. ఒక పార్టీ అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండిటికీ పోటీ పెడితే ఇద్దరిలో ఒకరు మహిళ కావాలని చట్టం. 2017లో 753 పాలికల్లో 700 ఉప పదవులు మహిళలకి వచ్చాయి. పెద్ద పదవి దక్కింది 18 మందికి. 2022లో పార్టీలు పొత్తు పెట్టుకుని, ఒకరు అధ్యక్షుడికీ ఇంకొకరు ఉపాధ్యక్షుడికీ అభ్యర్థుల్ని పెట్టారు. ఒక్కో పార్టీ ఒక్కో పదవికే పోటీ చేసింది కాబట్టి నియమం వర్తించలేదు. ఉప పదవుల్లో మహిళలు తగ్గిపోయారు. చట్టంలో సందు ఉంటే అగ్రవర్ణ మగవాడు ఎంత తొందరగా దూరతాడో చూడండి.

మన దగ్గర 73వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లోకొచ్చింది. సర్పంచి పదవినే జనాభా నిష్పత్తిలో దళితులకి కేటాయించి, వంతులవారీగా తిప్పమంది. అది వచ్చినా దళిత సర్పంచిని నేలమీద కూచోబెట్టిన ఊళ్ళున్నాయి, సర్పంచి పదవిని వేలం పాడిన ఊళ్ళున్నాయి. అయినా ముద్ర, సంతకం ఆ మనిషి చేతిలోనే ఉండాలని చట్టం చెప్పగలిగింది. ఒకే ఒక్క పదవిని రిజర్వు చెయ్యడం ఎట్లా కుదురుతుంది అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు. వంతులవారీగా తిప్పితే కుదురుతుంది. నేపాల్ ఆ పని చెయ్యలేదు.

ఎవరి ఓటు, ఎవరి ఎంపిక

వార్డులో దళిత మహిళా సభ్యురాలిని ఎన్నుకునేది దళితులే కాదు, వార్డు ఓటర్లందరూ. ఓటరు ఒకే బ్యాలెట్ మీద ఏడు ముద్రలు వేస్తాడు. అందులో ఒకటి ఈ సీటుకి. ఎవర్ని నిలబెట్టాలో పార్టీ వార్డు కమిటీ తేలుస్తుంది. ఆ కమిటీలో మాట చెల్లేది ఎవరిదో చెప్పనక్కర్లేదు. దళిత వాడకి గొంతెత్తి మాట్లాడే మనిషీ తెలుసు, తల ఊపే మనిషీ తెలుసు. పార్టీకి ఎవరు కావాలో కూడా తెలుసు.

ఈ సమస్యని మనం ఎక్కడో చదివినట్టుంది గదా? 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు అంబేద్కర్ వదులుకోవాల్సి వచ్చింది ఇదే. సీటు దళితుడిది, ఓటు అందరిదీ అయితే సవర్ణులకి నచ్చిన దళితుడే గెలుస్తాడని ఆయన అప్పుడూ తర్వాతా చెప్తూనే ఉన్నాడు. నేపాల్ కొండల్లో ఒక వార్డు బ్యాలెట్ మీద ఆ పాత తగువే మళ్ళీ నిలబడి ఉంది.

2017లో 176 వార్డుల్లో ఈ సీటు ఖాళీగా మిగిలిపోయింది, ఎందుకంటే అభ్యర్థే లేదు. 2022లోనూ వందకు పైగా వార్డుల్లో ఖాళీలు తప్పలేదు. దళిత కుటుంబాలే లేని వార్డులు వాటిలో ఉన్నాయి. వాటిని చూపించి, చట్టం అతిగా పోయిందని వాదించేవాళ్ళు బయల్దేరారు. దళితులు లేని వార్డులో సీటు పెట్టడం లోపమైతే, దళితులు నాలుగోవంతు ఉన్న వార్డులో కూడా ఒకటే సీటు పెట్టడం లోపం కాదా? చట్టం జనాభాని చూసి సీట్లు ఇవ్వలేదు, వార్డుకి ఒకటి చొప్పున పంచేసింది. డబ్బు విషయంలో జనాభా తూకం, సీటు విషయంలో తలా ఒకటి. తూకం ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో కొలిచేవాడికి బాగా తెలుసు.

సిఫారసు కాగితం

ఇంత లెక్క ఎందుకు, ఊళ్ళో మనిషికి ఏం తేడా అని అడగొచ్చు. తేడా వార్డు ఆఫీసులో తెలుస్తుంది. నేపాల్లో నాగరికత పత్రం, అంటే పౌరసత్వ పత్రం, కావాలంటే వార్డు సిఫారసు కావాలి. చాలా సర్కారు పనులకి మొదటి మెట్టు ఆ సిఫారసే. దానిమీద సంతకం వార్డు అధ్యక్షుడిది, సభ్యురాలిది కాదు. కొండ ప్రాంతం కాబట్టి వార్డు ఆఫీసుకి పోవడం కూడా మన ఊళ్ళలో పంచాయతీ ఆఫీసుకి పోయినట్టు కాదు. 577.5 చదరపు కిలోమీటర్లలో 18 వేల మంది, అంటే చదరపు కిలోమీటరుకి 31 మంది చొప్పున చెదిరి ఉన్నారు. ఒక కాగితం కోసం పూటల తరబడి నడవాలి. నడిచిపోయాక 'రేపు రా' అంటే ఒక రోజు కూలి పోయినట్టే.

ఆ కూలి ఎట్లాంటిదో కూడా చూడాలి. ఈ కొండల్లో దళిత వృత్తులకి ఏడాదికోసారి పంటలో వాటా ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని బాలిఘరే అంటారు. మన దగ్గర చాకలికీ మంగలికీ మాదిగకీ కల్లంలో కొలిచే మేర వంటిదే అది. కొడవలి చేసినా, చొక్కా కుట్టినా చేతికి డబ్బు రాదు, గింజలొస్తాయి. గింజలిచ్చేవాడిని ఏడాదంతా తలొంచి చూడాలి. పడమటి జిల్లాల్లో దీనికితోడు హలియా, అంటే అప్పు కింద దున్నే పాలేరుతనం ఉండేది. 2008 సెప్టెంబర్‌లో హలియాలకి విముక్తి ప్రకటించారు. అప్పు రద్దయింది గానీ భూమి చేతికి రాలేదు. భూమిలేని దళితులకి ఒకసారి భూమి ఇస్తామని రాజ్యాంగం 40వ అధికరణం మాటిచ్చింది. గింజలిచ్చే ఇంటివాడో, ఒకప్పుడు అప్పిచ్చిన ఇంటివాడో వార్డు అధ్యక్షుడైతే దళిత సభ్యురాలు అతని ఎదుట ఎంత గట్టిగా మాట్లాడగలదు? ఆమె మెతకదనం గురించి కబుర్లు చెప్పే పట్నం మేధావులు ముందు ఈ గింజల లెక్క చూడాలి.

2023 నవంబర్ 3 అర్ధరాత్రికి కొంచెం ముందు జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చింది. దాని కేంద్రం బారేకోట్‌లోని రామీడాండా. జాజర్‌కోట్, రుకుం పశ్చిమ జిల్లాల్లో కలిపి 150 మందికి పైగా చనిపోయారు. మట్టి, రాయి పేర్చి కట్టిన ఇళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలాయి. తాత్కాలిక గూడు కోసం ఇంటికి 50 వేల నేపాలీ రూపాయలు రెండు విడతల్లో ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ జాబితాలు కింద నుంచి, వార్డుల నుంచి రావాలి. భూకంపం కులం చూడదని అందరూ అంటారు. నిజమే, భూమికి కులం తెలియదు. కానీ కూలిన ఇంటిని ఎవరు నమోదు చేస్తారు, ఎవరి పేరు ముందు రాస్తారు, సొంత స్థలం కాగితం లేనివాడిని ఏ గడిలో రాస్తారు అనేవి భూమి చేసే పనులు కావు.

నీళ్ళ సంగతీ అంతే. మంచినీళ్ళు, ప్రాథమిక వైద్యం, మాధ్యమిక స్థాయి దాకా చదువు, ఊరి రోడ్డు, ఇవన్నీ రాజ్యాంగం ఎనిమిదో అనుసూచి ప్రకారం స్థానిక పాలిక అధికారాలు. కుళాయి ఏ వాడలో పెట్టాలో తేల్చేది పాలిక. అంటరానితనం మొదట ముట్టేది నీళ్ళనే. 'నీళ్ళు చెల్లనివాళ్ళు' అని 1854 చట్టం పెట్టిన పేరు ఇంకా మర్చిపోని చోట నీళ్ళ పద్దు పదిహేడు మంది చేతిలో ఉంది. 1985లో కారంచేడులో నెత్తురు పారింది కూడా తాగునీటి చెరువు దగ్గర మొదలైన తగువుతోనే. కాబట్టి కుళాయి ఇంజనీరు విషయమని మాకెవరూ చెప్పొద్దు.

ఊరి న్యాయం

పాలికకి న్యాయాధికారం కూడా ఉంది. ఉపాధ్యక్షురాలు నడిపే ముగ్గురు సభ్యుల న్యాయిక సమితి సరిహద్దు తగాదాలు, కూలి బకాయిలు వంటివి విని తీర్పు చెప్తుంది, కొన్నిట్లో రాజీ చేస్తుంది. అంటరానితనం దాని పరిధిలోది కాదు. అది పోలీసుకీ కోర్టుకీ పోవాల్సిన నేరం. కానీ ఊళ్ళో కులం గొడవ అయితే ముందు వినపడే మాట 'కేసెందుకు, కూచుని మాట్లాడుకుందాం' అనేది. కూచుని మాట్లాడుకునే చోట దళితుడు ఎక్కడ కూచుంటాడనేదే అసలు గొడవ.

2020 మే 23న జాజర్‌కోట్ నుంచి ఒక దళిత యువకుడు స్నేహితులతో కలిసి భేరీ నది అవతల రుకుం పశ్చిమ జిల్లా చౌర్‌జహారీ నగరపాలికలోని సోతీ ఊరికి పోయాడు. అతను ప్రేమించిన అమ్మాయి ఠకురి కులం. ఊరు ఊరంతా తరిమింది. ఆరుగురు యువకులు చనిపోయారు. ఎక్కువమంది దళితులు. 2023 డిసెంబర్‌లో జిల్లా కోర్టు ఇరవై మందికి పైగా నిందితులకి యావజ్జీవ శిక్ష వేసింది. శిక్షపడ్డవాళ్ళలో ఆ వార్డు అధ్యక్షుడు ఉన్నాడు. సిఫారసు మీద సంతకం పెట్టే చెయ్యి అది. చనిపోయినవాళ్ళూ చంపినవాళ్ళూ మాట్లాడింది ఒకే భాష. జనాభా పట్టికలో వాళ్ళందరి ఎదురుగా 'నేపాలీ' అనే ఉంటుంది. అందుకే ఆ గడిని మేం అనుమానంగా చూశాం.

మా మాట

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్ళని తిరగ్గొట్టాడు. గ్రామాన్ని కాక వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నాడు. 1956 నవంబర్‌లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆయన కాఠ్మండు పోయి బౌద్ధ సమ్మేళనంలో మాట్లాడాడు. అప్పటికి నేపాల్లో 1854 చట్టం ఇంకా బతికే ఉంది. ఇప్పుడా చట్టం లేదు, రాజు లేడు, గ్రామానికి ఎన్నికైన సర్కారు వచ్చింది. ఇంటి వాకిట్లో సర్కారు అని నేపాలీలు దాన్ని ముద్దుగా పిలుస్తారు. ఎవరి ఇంటి వాకిట్లో అని అడగడం మా పని.

మేం గావ్‌పాలికని రద్దు చెయ్యమనడం లేదు. దూరంగా ఉన్న కాఠ్మండు దళితుడికి ఏనాడూ దగ్గరగా లేదు. అధికారం ఊరికి రావడం తప్పు కాదు. ఊరి కులాన్ని అట్లాగే ఉంచి అధికారం దించితే అది ఊరి పెద్దల ఇంటికే చేరుతుంది. మా దృష్టిలో మారాల్సినవి కొన్నే. పాలిక అధ్యక్ష, వార్డు అధ్యక్ష పదవులు జనాభా నిష్పత్తిలో దళితులకి వంతులవారీగా రావాలి. 215వ అధికరణంలోని 'లేదా' పోవాలి. దళితులకి వేరుగా, అల్పసంఖ్యాకులకి వేరుగా స్థానాలుండాలి. సిఫారసు నిరాకరిస్తే కారణం కాగితం మీద రాసివ్వాలి. పద్దులో ఏ వాడకి ఎంత ఖర్చయిందో ఏటా గోడమీద అతికించాలి. జనాన్ని కులాలవారీగా లెక్కపెట్టడం తెలిసిన రాజ్యానికి ఖర్చుని వాడలవారీగా లెక్కపెట్టడం రాకపోదు.

వార్డు బల్లముందు కూచున్న ఆరువేల పైచిలుకు దళిత మహిళలు ఈ డిమాండ్లకి పునాది. వాళ్ళు ఓడిపోయారని రాయడానికి మాకు చేతులు రావు. ముద్ర లేకుండా, సంతకం లేకుండా, గింజలిచ్చేవాడి ఎదుట కుర్చీ లాక్కుని కూచున్న మనుషులు వాళ్ళు. రాజ్యం వాళ్ళకి కుర్చీ ఇచ్చి కలం ఇవ్వలేదు. ఇక అడగాల్సింది కలమే.